ఇరవై రెండు మంది లేని ప్లాను

"బయటికి రా! ఎవ్వర్నడిగి జొచ్చినవే లోపలికి?"

సురేష్ తాళాల గుత్తితో స్టాఫ్ బాత్రూమ్ తలుపు మీద బాదుతున్నాడు. నాచారంలోని ఆ ప్రైవేటు బడికి ఆయాలను పంపే ఏజెన్సీకి అతను సూపర్‌వైజరు. ఇంటర్వెల్ బెల్లు అప్పుడే మోగింది. వరండా నిండా పిల్లలు. అందరూ చూస్తుండగానే తలుపు తీసుకుని సంతోషి బయటికి వచ్చింది. నర్సరీ ఆయా. పట్టుమని పాతికేళ్లు లేవు. చీర సర్దుకునే వ్యవధి కూడా వాడు ఇవ్వలేదు.

"అన్నా, జరం ఉన్నది. డాక్టరు నీళ్లు మస్తు తాగుమన్నడు. ఒంటికి వస్తే ఆగబట్టుకోవద్దన్నడు. గందుకే..."

"నీళ్లు ఇంటికాడ తాగు. గిది మేడమ్‌లది. బోర్డు సదవరాదా?"

ఒక చిన్నపిల్లాడు కిసుక్కున నవ్వాడు. పొద్దున వాడి లాగు తడిస్తే కడిగి, తుడిచి, మార్చింది ఈ సంతోషే.

ఇదంతా ఉదయశ్రీ చూసింది. ఏడో తరగతికి సోషల్ చెప్పే టీచరు. ముందు రోజే పౌర హక్కుల పాఠం చెప్పింది మహాతల్లి! ఇప్పుడు నోరు పెగల్లేదు. హాజరు పట్టీ గుండెకు ఆనించుకుని, ఏమీ చూడనట్టు క్లాసులోకి వెళ్లిపోయింది. ఆ గంటసేపు ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. సంతోషిని ఆ తలుపు బయట నిలబెట్టింది సురేష్ ఒక్కడే కాదని ఆమెకు తెలుసు మరి.

సంగతేమిటంటే, ఆ ఏడు సర్కారు ఒక పథకం తెచ్చింది. ప్రైవేటు బళ్లు రాబోయే పదేళ్లలో తమ ప్రాంగణాన్ని ఎలా బాగు చేసుకోవాలో ముందే ప్లాను గీయించుకోవాలి. గీయించే ఖర్చు సర్కారు ఇస్తుంది. అంటే జనం సొమ్ము. సంతోషి సబ్బుబిళ్ల కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా అందులో ఉంది. ప్లానుకు ఒకసారి ఆమోదముద్ర పడిందంటే అందులో లేని గది పదేళ్లదాకా లేవదు. దానికో ఫారం, ఆ ఫారంలో ఒక ప్రశ్న: బడిలో రోజుకు నాలుగు గంటలకు మించి ఉండేవాళ్లు ఎవరెవరు, ఎంతమంది? ఎంతమంది ఉంటే అంతమందికీ తాగే నీళ్లు, మరుగుదొడ్డి, కూర్చునే చోటు ప్లానులో చూపించాలి.

ఆ ఫారం నింపే పని ఉదయశ్రీకి అప్పగించారు. తణుకు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఉప్పల్‌లో ఉంటోంది. కూతురు హరిణి అదే బడిలో సగం ఫీజుతో చదువుతోంది. మూడు మధ్యాహ్నాలు టేపు పెట్టి బడంతా కొలిచింది. టేపు రెండో కొస పట్టుకున్నది సారలమ్మ. ఆయాలందరికీ పెద్దదిక్కు, జనగామ వైపు మనిషి. ఏ గోడ చెమ్మ పట్టిందో, ఏ నల్లాలో నీళ్లు రావో ఆమెకు తెలిసినట్టు ఇంజనీరుకు కూడా తెలియదు. మూడో రోజు మెట్ల కింద ఖాళీ జాగా దగ్గర ఆగిపోయింది.

"మేడం, గీడ మాకొక రూము రాయరాదు? ఒక బాత్రూము, కూసోని బువ్వ తినేతందుకు ఇంత జాగ. గంతే."

"రాస్తాను సారలమ్మా. తప్పకుండా రాస్తాను."

రాసింది కూడా. ఆయాలు: ఇరవై రెండు మంది. కరస్పాండెంట్ చలపతిరావు కళ్లజోడు పైకి నెట్టి కంప్యూటర్ తెర చూశాడు.

"ఆయాలు మనవాళ్లు కాదమ్మా, ఏజెన్సీ వాళ్లు. రేపు పాలవాణ్ని కూడా రాస్తావా? కోఆర్డినేటర్ కావలసిన మనిషివి, ఇంత చిన్న విషయం నేను చెప్పాలా?"

ఆయన కేకలెయ్యలేదు, బెదిరించలేదు. ఉదయశ్రీ తన వేలితోనే ఆ వరస తీసేసింది. క్షణం పట్టలేదు. ఇప్పుడా ప్లానులో ఈతకొలను ఉంది, కార్లకు నీడ ఉంది, పావురాలు నీళ్లు తాగడానికి తొట్టి ఉంది. ఆయాలు మాత్రం లేరు.

అంతటితో పోయిందా అంటే, లేదు. అప్పటికే ఆయాలందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టి కార్మిక శాఖకు ఇద్దామని ఒక అర్జీ రాయించుకున్నారు. "మేడం రాసిందట, ఇంక కొట్లాట ఎందుకు?" అని, తీసేసిన సంగతి తెలియని సారలమ్మే దాన్ని ఆపింది. ఆపి రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే, వెళ్లే చోటు లేక నీళ్లు తాగడం మానుకున్న సంతోషికి మూత్రంలో మంట మొదలై, జ్వరంలోకి దిగింది.

వరండాలో గొడవ జరిగిన సాయంత్రమే సంతోషిని పనికి రావద్దన్నారు. ఆదివారం మధ్యాహ్నం చిల్కానగర్‌లో సారలమ్మ గదిలో ఆయాలు కూడారు. ఆ సంగతి తెలిసి ఉదయశ్రీ స్కూటీ మీద వెళ్లింది. రెండుసార్లు వీధి మొదట్లోంచే వెనక్కి తిరిగింది. మూడోసారి లోపలికి నడిచింది.

"అగో, మేడం వచ్చింది! కుర్సీ ఎయ్యిరి!"

ఆ మర్యాద చూసి ఆమెకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. కూర్చోలేదు. గోడ దగ్గర సంతోషి మోకాళ్లు ముడుచుకుని ఉంది.

"నేను మీ గది రాయలేదు," అంది. "రాసి తీసేశాను. సార్ వద్దన్నారు, నేనే తీసేశాను. అసలు మీరు ఆ బడిలో ఉన్నారని కూడా ఆ ఫారంలో లేదు. మంగళవారం హాల్లో తల్లిదండ్రులకు ప్లాను చూపిస్తారు, అప్పుడు అధికారి వచ్చి సంతకం పెడితే అయిపోయినట్టే."

సారలమ్మ ముఖం నల్లబడింది.

"టేపు నాతోటి పట్టిచ్చినవు గదా మేడం," అంది. "నీ మాట నమ్మి నేను అర్జీ ఆపిన. వీళ్లందరికీ ఏమని జవాబు జెప్పాలె ఇప్పుడు?"

"తప్పయిపోయింది సారలమ్మా."

"నీ తప్పు తీస్కపోయి సంతోషి ఒంట్ల పెడితే జరం తగ్గుతదా?"

ఉదయశ్రీ ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఎందుకు ఓదార్చాలి? వాళ్లకు అంతకన్నా పెద్ద పని ఉంది. అరగంట వాదులాడుకున్నారు.

"మంగళారం ఎవ్వలం పోవద్దు. పిల్లలను వాళ్లే కడుక్కోని!" అంది చంద్రిక, బడి బస్సులో పిల్లల వెంట పోయే ఆయా.

"పసిపోరలు ఏం పాపం జేసిన్రే? వాళ్లనెట్ల ఇడిసిపెడుతం?" అంది సారలమ్మ.

"మరేం జేద్దమంటవ్? ఆపిన అర్జీనే ఇద్దమా?"

గోడ దగ్గర సంతోషి తలెత్తింది. "మనం రోజూ ఏం జేస్తలేమో గది జేద్దం. పొద్దుగాల సంది నీళ్లు తాగుదం. కడుపు నిండ. ఆ ఆఫీసర్ ముంగట గూడ తాగుదం. అటెన్క యాడికి పోవాల్నో వాళ్లనే అడుగుదం."

గది గొల్లుమంది. నవ్వు ఆగాక, అదే మాట ఖాయమైంది. ఎనిమిది మంది ఆయాలు పిల్లల దగ్గర ఉండాలి, పద్నాలుగు మంది హాల్లోకి నడవాలి. గంట తర్వాత వాళ్లు వీళ్లు మారాలి. ఎవరి పేరూ ముందు పెట్టకూడదు. "నేనూ మాట్లాడతాను," అంది ఉదయశ్రీ. సారలమ్మ ఆమె వైపు తిరిగింది. "మాట్లాడు. మాట్లాడినంకనే నమ్ముతం."

మంగళవారం పదకొండింటికి హాల్లో తెర మీద ప్లాను వెలిగింది. ముందు వరుసలో సర్కారు అధికారి పద్మావతి, పక్కన చలపతిరావు, వెనక తల్లిదండ్రులు, టీచర్లు. ఈతకొలను బొమ్మ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే తలుపు తెరుచుకుంది. పద్నాలుగు మంది ఆయాలు ఎర్ర అంచు ఏజెన్సీ చీరల్లో లోపలికి వచ్చి, దారి మధ్యలో కూర్చున్నారు. పనికి రావద్దన్న సంతోషి కూడా వాళ్లలో ఉంది. నీళ్ల సీసాల మూతలు తీసి గటగటా తాగడం మొదలుపెట్టారు.

"ఏయ్, లెవ్వుండ్రి!" సురేష్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎందుకు లేస్తం? నీళ్లు తాగితె గూడ తప్పేనా?"

"వాళ్లు ఎవరు?" అంది పద్మావతి.

"ఏజెన్సీ పనివాళ్లు మేడమ్, ఏదో జీతాల గొడవ," చలపతిరావు నవ్వబోయాడు.

"జీతం కాదు తల్లీ," సారలమ్మ లేచింది. "పొద్దుగాల ఏడింటికి వస్తం, మూడింటికి పోతం. ఈ బడిల తొమ్మిది వందల మంది పిల్లలను దొడ్డికి, ఒంటికి మేమే తోల్కపోతం. మాకొస్తె యాడికి పోవాలె? గోడ దుంకి ఫ్యాక్టరీ ఎనక తుప్పలల్లకు పోతున్నం. పోవుడు ఇష్టం లేక నీళ్లే తాగుతలేం. గీ పిల్లకు గందుకే రోగమొచ్చింది. గా తెర మీద మేం యాడున్నమో జర సూపియ్యి."

పద్మావతి ఫారం తిరగేసింది. "ఇందులో ఆయాలు లేరే?"

ఉదయశ్రీ ఒకసారి బయటికి చూసింది. హరిణి క్లాసు కిటికీ ఎదురుగానే కనిపిస్తోంది. లేచి నిలబడింది.

"ఉన్నారండి. ఇరవై రెండు మంది. నేను రాశాను, నేనే తీసేశాను. సార్ తీసెయ్యమన్నారు. ఆ ఫారం అబద్ధం, అది నింపింది నేను."

హాల్లో గగ్గోలు లేచింది. ఒక తండ్రి "ఇదేం బడయ్యా!" అని అరిచాడు. ఒక తల్లి "ముందు ఈతకొలను సంగతి తేల్చండి" అంది. అలాంటివాళ్లూ ఉంటారు. ఈ లోపల సురేష్ వెళ్లి స్టాఫ్ బాత్రూముకు తాళం వేశాడు. ఆయాలు లేచి వరండాలో ఆ తలుపు ముందు బారుగా నిలబడ్డారు.

"సారూ, డ్రామా గాదు. నిజంగనే వస్తున్నది," అంది చంద్రిక. "తాళం తీస్తవా, గీడనే కూసోమంటవా?"

అధికారి చూస్తోంది, తల్లిదండ్రులు ఫోన్లు తీశారు. చలపతిరావు పళ్లు కొరుక్కుంటూ సైగ చేశాడు. తాళం తెరుచుకుంది. ముందు సంతోషి వెళ్లింది. బయట పదమూడు మంది తమ వంతు కోసం నిలబడ్డారు, ఆ బడి పుట్టాక మొదటిసారి. పద్మావతి సంతకం పెట్టలేదు. పదిహేను రోజుల్లో ఫారం సరిచేసి పంపమని చెప్పి కారెక్కింది.

గెలిచినట్టేనా? అంత తేలిగ్గా గెలవనిస్తారా! మర్నాడు పొద్దున గేటుకు కాయితం అంటించి ఉంది: ఇరవై రెండు మంది ఆయాలకూ ఇక పని లేదు. గేటు ముందు ఆయాలు బైఠాయించారు. ఇద్దరు పోలీసులు జీపుకు ఆనుకుని చూస్తున్నారు. లోపల చలపతిరావు ఒక తెల్లకాగితం ఉదయశ్రీ ముందుకు జరిపాడు.

"నిన్న ఒత్తిడిలో అలా మాట్లాడానని రాసి సంతకం పెట్టమ్మా. నీ ఉద్యోగం ఉంటుంది, పాప చదువు ఉంటుంది. ఆయాలంటావా, రేపు వేరేవాళ్లు వస్తారు."

ఈసారీ ఆయన గొంతు పెంచలేదు. ఉదయశ్రీ ఆ కాగితం ఆయన వైపే జరిపి, హరిణిని క్లాసులోంచి పిలుచుకుని, గేటు దాటింది. భయం పోయిందనుకోకండి.

"ఎందుకొచ్చినవ్?" అంది సారలమ్మ.

"సంతకం పెట్టలేదు."

"మంచిగ జేసినవ్. గా కొసకు కూసో. బిడ్డను నీడకు జరుపు."

క్షమించామని ఎవరూ అనలేదు. ఆమె అడగనూ లేదు. పన్నెండు దాటుతుండగా లాలాపేట్ వైపు నుంచి ఆటోలో ఆరుగురు ఆడవాళ్లు దిగారు. వేరే బడి ఆయాలు. వాళ్లవీ అవే ఎర్ర అంచు చీరలు.

"అక్కా, ఫోన్ల సూసి వచ్చినం. మా బడికి గూడ గీ ప్లాను మంజూరైందట. మమ్ముల రాసిన్రో తీసేసిన్రో మాకెట్ల తెలుస్తది?"

సారలమ్మ కొసన కూర్చున్న ఉదయశ్రీ వైపు చెయ్యి చూపింది.

"గామె నడుగుండ్రి. మా పేర్లు తీసేసింది గామెనే. ఎట్ల తీస్తరో గామె కంటె మంచిగ ఎవ్వలికి ఎర్క?"

ఉదయశ్రీ ముఖం మండిపోయింది. తల దించుకోలేదు. ఆ ఆరుగురికీ పక్కన చోటు చేసి, ఆ ప్రశ్న ఫారంలో ఎన్నో పేజీలో ఉంటుందో మొదలుకొని చెప్పసాగింది.