పసుపు బిళ్ళ

దవడ వంకరపోయిన జింకపిల్ల పాలు కుడవలేకపోయింది. కాపరి ఒళ్ళో పెట్టుకుని చుక్కచుక్కగా పోస్తే మూతి పక్కనుంచి కారిపోయాయి. మధ్యాహ్నానికి ఆ కాస్త ఊపిరీ ఆగింది. ఈ కాన్పుల్లో అది నాలుగోది.

"రోగమైతే మందుండేదయ్యా," అంది డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ. "ఈ జాతి జింకలు మిగిలిందే కొన్ని. మన కంచెలో ఇరవైమూడు. ఒకటి తప్ప అన్నీ పోయిన ఏడు చచ్చిన ఆ ముసలి దొర సంతానమే. అన్నకీ చెల్లెలికీ, తండ్రికీ కూతురికీ పుడితే ఇంకేమవుతుంది?"

దొర అంటే కంచెని పన్నెండేళ్ళు ఏలిన మగజింక.

"మరి దారేంటమ్మా?"

"పదిహేడు ఉన్నాడుగా." చెవికి 17 అంకె వేసిన పసుపు బిళ్ళ ఉన్న మగజింకను చూపించింది. "బయటినుంచి కడుపుతో వచ్చిన తల్లి బిడ్డ. కొత్త రక్తం వాడొక్కడిదే. ఈసారి ఆడవాటన్నిటినీ వాడికే వదులుదాం."

కాపరి అటు చూడకుండా పాలగిన్నె కడగడానికి లేచాడు.

ఆ బిళ్ళ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆ బయటి జింక ఈనుతూనే పోయింది, దాని బిడ్డ మూడోనాడు పోయింది. అదే వారం పై ఆఫీసునుంచి కాగితం వచ్చింది: చోటు చాలదు, బయటిదాని బిడ్డను ఉంచి మిగతా మగపిల్లల్ని ఏరేయండి. ఏరేయడమంటే ఏమిటో కాగితంలో లేదు. కాగితాలు రాసేవాళ్ళు చేతికి నెత్తురంటే మాట రాయరు. ఏరేయాల్సినవాటిలో ఒకటి అప్పటికి కాపరి వంటగదిలో, గోనెపట్టా మీద, అతని భార్య పట్టే సీసాపాలతో బతుకుతోంది. చచ్చినదాని బిళ్ళ తీసి దాని చెవికి గుచ్చాడు. జింకల లెక్కల పుస్తకంలో దొర బిడ్డ ఒకటి పోయిందని రాశాడు.

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆమె గిన్నె తోముతూనే వింది.

"నిజం చెప్పేస్తే?"

"ఉద్యోగం ఊడుతుంది. వాణ్ణీ ఏరేస్తారు."

"చెప్పకపోతే?"

"వాడికి పుట్టేవాటికీ అదే వంకర దవడ. నా ఒళ్ళోనే చస్తాయి."

గిన్నె చప్పుడు ఆగింది. "నీ బొటనవేలు చీకి చీకి పుండు చేసినవాడు," అంది. "వాణ్ణి నేను బతికించింది ఇందుకా? తిండి తినడానికేనా నీ నోరు? పొద్దున్నే వెళ్ళి చెప్పు."

పొద్దున్నే చెప్పాడు. డాక్టరమ్మ పెన్ను బల్లకేసి కొట్టింది.

"నాలుగేళ్ళు! ఈ దొంగ పుస్తకం పట్టుకుని నేను లెక్కలు కట్టానా! ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలిసే వచ్చానమ్మా. నన్నేమైనా చేయండి. వాడి తప్పేం లేదు."

ఆమె లేచి కింద పడ్డ పెన్ను తీసుకుంది. తర్వాత పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"నది అవతల ఇంకో కంచె ఉంది. పదకొండు జింకలు, వాళ్ళదీ ఇదే ఏడుపు. వీడు ఇక్కడ అందరికీ అన్నో, మామో. అక్కడ ఎవరికీ ఏమీ కాడు. వాళ్ళకి కావల్సింది అలాంటివాడే. వీణ్ణి పంపి, అక్కడి మగజింకను ఇక్కడికి తెద్దాం."

కాపరి తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

పై ఆఫీసు పెద్దాయన అతణ్ణి దొడ్డినుంచి తీసేసి గేటు దగ్గర వేశాడు. ఏళ్ళ తరబడి ఆ పుస్తకం ముఖం చూడని మనిషి ఆ రోజు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు.

పంపే రోజు పదిహేడు చెక్కపెట్టె ఎక్కనంది. నలుగురు తోసినా కదల్లేదు, ఒకడి చొక్కా చింపింది. చివరికి గేటు దగ్గరికి కబురు పంపారు. కాపరి వచ్చి, బొటనవేలు చాచి, పెట్టెలోకి వెనక్కి నడిచాడు.

"కొమ్ములొచ్చాయి గానీ బుద్ధి రాలేదురా నీకు."

అది వేలు నోట పెట్టుకుని, అతని వెంటే పెట్టెలోకి నడిచింది. అతను పక్క కంతలోంచి దూరి బయటికొచ్చాడు, చెయ్యి మాత్రం లోపలే ఉండిపోయింది.

"చెయ్యి తీసుకో అయ్యా, కంత మూయాలి," అంది డాక్టరమ్మ.

"ఒక్క క్షణం ఆగండమ్మా," అన్నాడు. "వాడింకా వదల్లేదు."