సూర్యుడు తిరిగే తీరు

"ఆదివారం దుకాణం దోస్తులను తిననీకి పిలిచిన. మటన్ వండుతవా?" అని నా భర్త మహేందర్ అడిగినప్పుడు నేను ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. ఆ రోజు పొద్దున నాకు పీహెచ్‌డీ సీటు కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందని ముందే చెప్పాను. మళ్లీ చెప్పాను. "కంప్యూటర్ ముంగట కూసునుడే గద నవతా, జల్ది వండిపెట్టి కూసో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అతనికి అది నిజంగానే అంత తేలిక.

పెళ్లికి ముందు సూర్యుడి లోపలి భ్రమణం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాను. పాప పుట్టబోతుండగా ఆపాను. ఆపానని నేననుకున్నాను, మానేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇప్పుడు బోధన్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ రోజూ నిజామాబాద్ నుంచి తిరుగుతున్నాను. చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదించినప్పుడల్లా ఫోన్‌లో కొత్త పరిశోధనా వ్యాసాలు చదువుకుంటాను. సూర్యుడి లోపల వేగంగా సాగే పాయలు, నెమ్మదిగా సాగే పాయలు ఏళ్ల తరబడి చోటు మారుతుంటాయి. పదకొండేళ్లకోసారి ఆ మార్పు ఒక ఆవృత్తిగా సాగుతుంది. నేను ఇంటి పనిలో ఉండగానే ఒక ఆవృత్తి పూర్తయిపోయింది. ఆ సంగతి చెప్పుకుని బాధపడడానికి కూడా నాకు ఎవరూ లేరు.

శనివారం సాయంత్రం వంట పనిలో ఉన్న నా పక్కన కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తూ మా అత్తమ్మ భూమవ్వ అడిగింది. "సూర్యుని లోపట ఏముందో మీకెట్ల ఎరుక? ఎవలన్న సూసొచ్చిండ్రా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

"కుండ కొనేటప్పుడు ఏలితోటి కొట్టి ఇంటవ్ గద అత్తమ్మా? సూర్యుని లోపట కూడ సప్పుడు తిరుగుతనే ఉంటది. అది మనకు ఇనరాదు గని, దానికి పైభాగమంత అదురుతది. గా అదురుడును దుర్బిన్‌లతోటి చూసి లోపట ఎట్ల తిరుగుతుందో లెక్క కడ్తరు. పైపొర నడుమ జోరుగ తిరుగుతది, కొసలకు మెల్లగ. బాగ లోపటికి పోతె మాత్రం అంత ఒక్కటే తీరు తిరుగుతది."

"గా రెండు కలిసే కాడనో?"

నా చేయి ఆగిపోయింది. "నా చదువు గా జాగ మీదనే అత్తమ్మా."

ఆదివారం తెల్లవారకముందే వంట ముగించి, గది తలుపు వేసుకుని కూర్చున్నాను. తెర మీద ముగ్గురు. తడబడకుండా చెప్పాను. మధ్యలో మహేందర్ తలుపు తీసి, "నవతా, జర చాయ్" అన్నాడు. ఆ మాట వాళ్లకూ వినబడింది. నేను లేవలేదు. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "నేను పెడ్త. నువ్వు బయటికి నడువు."

చివరికి పెద్దాయన అడిగాడు. "ఏటా కొన్ని నెలలు రాజస్థాన్‌లో సౌర వేధశాల దగ్గర ఉండాలమ్మా. ఇంట్లో వాళ్ల అనుమతి ఉందా?"

"సార్, ఈ ప్రశ్న మగ అభ్యర్థులను కూడా అడిగారా?"

వాళ్లలో ఒకే ఒక్క మహిళ కళ్లద్దాలు సర్దుకుని, "అడగలేదు. ఆ ప్రశ్న వదిలేద్దాం" అంది.

సీటు ఇస్తున్నామని సాయంత్రానికి కబురు వచ్చింది. దోస్తులు వెళ్లిపోయారు. ఎంగిలి పళ్లాలు ఇంకా అక్కడే ఉన్నాయి. మహేందర్ చాలాసేపు ఫోన్ చూస్తున్నట్టు కూర్చుని మెల్లగా అన్నాడు. "మంచిగనే ఉంది గని... నువ్వు పోతె పిల్ల గతేంది? తల్లి లేకుంట ఎట్లుంటది?"

అందులో దురుసుతనం లేదు, భయం ఉంది. ఆ భయాన్ని చూసి నాకు జాలి వేసింది. జాలి పడ్డ ప్రతిసారీ నేనే ఆగిపోయానని కూడా గుర్తొచ్చింది.

అతని పక్కన కూర్చున్నాను.

"తండ్రితోటి ఉంటది" అన్నాను.