బండలో ఈశ్వరమ్మ

పొద్దున్నే నడిమింటి బండలు తుడుస్తూ, అత్త మొహం దగ్గరికి రాగానే భాగమ్మ చెయ్యి నెమ్మదిస్తుంది.

"అత్తమ్మా, జర కండ్లు మూస్కో. ఫినాయిల్."

నాపరాయిలో ఈశ్వరమ్మ కళ్లు మూసుకుంటుంది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె కొడుకు, భాగమ్మ మొగుడు బీరప్ప పాలిష్ పట్టిన బండల తీరే అంత, ఏళ్ల తరబడి తొక్కినవాళ్ల నీడ వాటిలో ఉండిపోతుంది. తాండూరులో కొత్తిల్లు కట్టుకునే కోడళ్లు, "మాకు పాలిష్ జర తక్కువ పెట్టు బీరప్పా" అని ముందే చెప్పుకుంటారు.

బీరప్పకు మూత్రంలో నెత్తురు పడ్డప్పుడు నొప్పి లేదు. "ఎర్రజీర బండలు కోస్తున్న గద, ఆ దుమ్మే దిగుతున్నది" అన్నాడు. నీలిబండల పనికి మారినా ఎరుపు తగ్గలేదు. "పాత సరుకు" అన్నాడు, బీడీ ముట్టించి మరీ. ఆ పొగే లోపల పని చేసిందని హైదరాబాదు డాక్టర్లు చెప్పేసరికి క్యాన్సర్ లోతుకు దిగింది. మూత్రపు తిత్తి తీసేసి, పేగు ముక్కతో పొట్ట కుడిపక్క మూత్రానికి దారి చేసి, అక్కడ ఒక సంచి అతికించి పంపారు.

"మున్సిపాలిటోళ్లు నాకు సొంత నల్లా పెట్టిండ్రు" అని చూడవచ్చినవాళ్లను నవ్వించేవాడు. వాళ్లు పోగానే గోడవైపు తిరిగేవాడు. భాగమ్మ దగ్గరికొస్తే లుంగీ బిగించి పట్టుకునేవాడు. దొంగలా బాత్రూంలో దూరి సంచి వంకరగా అతికించుకుని, చుట్టూ తోలు పుండు చేసుకున్నాడు.

వికారాబాదు నుంచి వచ్చే నర్సు జ్యోతిరాణి ఆ పుండు చూసి తల పట్టుకుంది.

"కాకా, గోరువెచ్చని నీళ్లతోని కడిగి, తడి లేకుండ అద్ది, అప్పుడు అతికియ్యాలె. మూడోవంతు నిండంగనే ఖాళీ చెయ్యాలె. తెల్లగ జిగురొస్తే భయపడకు, అది పేగు గుణం. నీళ్లు మాత్రం మస్తు తాగు. ఇప్పటికే జ్వరముంది. రేపటికి తగ్గకుంటే దవాఖానల చేరుడే. కిడ్నీలు పోతే నేనేం చెయ్యలేను."

"పోనియ్ బిడ్డా. నేను గూడ బండల చేరుత. అమ్మ పక్కన జాగ ఉన్నది."

"ఏం మాటలయ్యా అవి!" భాగమ్మ నీళ్ల గ్లాసు అతని చేతిలో పెట్టి, కొంగుతో మొహం దాచుకుని వంటింట్లోకి పోయింది. నర్సు కూడా వెంటే వెళ్లింది, సంచి నోరు కత్తిరించే కొలత చెప్పడానికి.

నీళ్లు తాగకుంటే సంచి నిండదు. నిండకుంటే ఎవరూ చూడరు. బీరప్ప లెక్క అది. ఇల్లు చేరినప్పటి నుంచి ప్రతి గ్లాసూ నడిమింట్లో తన మంచం పక్కన బండ మీదే ఒంపుతున్నాడు. రాయి చప్పుడు లేకుండా పీల్చుకుంటోంది.

ఇప్పుడూ గ్లాసు వంచబోతూ కిందికి చూశాడు.

బండలో ఈశ్వరమ్మ గడ్డం దాకా నీళ్లున్నాయి. కొంగు పైకి తేలుతోంది. మునివేళ్ల మీద నిలబడి, మెడ సాచి, కొడుకును చూస్తోంది. బతికున్నప్పుడూ అంతే, ఎంత కష్టమొచ్చినా నోరు తెరిచేది కాదు. వంచిన గ్లాసులోంచి రెండు చుక్కలు జారాయి. ఆమె కింది పెదవి మునిగింది.

"అయ్యో, నీకు ఈత రాదు గదనే అమ్మా!"

గ్లాసెత్తి గటగటా తాగాడు. చెంబందుకుని అదీ ఎత్తాడు. గుటక గుటకకూ కడుపు కుట్లు గుంజాయి. బండలో నీళ్లు ఆమె భుజాల కిందికి దిగాయి. కాసేపటికి లుంగీ కింద వెచ్చగా సంచి బరువు తెలిసింది.

లుంగీ మీంచి సంచిని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"భాగీ," అని పిలిచాడు చివరికి. "జర ఇటు దా. నిండింది."

ఆమె వచ్చేలోపు లుంగీ ముడి తనే విప్పాడు.