వేలికంటిన తంబాకు

నర్సమ్మ వేలు మనవడి నోట్లో ఉండగానే కోడలు నమ్రత పట్టుకుంది. ఏడు నెలల సుమిత్ చిగుళ్ళ మీద నల్లటి పొడి. మిశ్రీ. దాన్ని మందంటారు. మందూ కాదు మన్నూ కాదు, పెనం మీద మాడ్చి నూరిన తంబాకు. పళ్ళొచ్చే పిల్లల చిగుళ్ళకు రాస్తే ఏడుపు ఆగుతుంది, నిజమే. మత్తెక్కితే ఎవరి ఏడుపైనా ఆగుతుంది.

"తియ్యి అత్తా వేలు."

"ఏమైందే? పండ్లొస్తున్నయ్, సలుపుతున్నది పోరనికి. మీ ఆయనకు గూడ ఇదే రాసిన."

"అందుకే ఆయనకు నోట్ల తంబాకు లేంది కార్ఖానల బట్ట నేసే సాంచ నడవది."

నమ్రత మిశ్రీ డబ్బీ తీసుకెళ్ళి మోరీలో గుమ్మరించింది.

ఆ కోపానికి కారణం ఇంట్లోనే తిరుగుతోంది. పెద్దపిల్ల మేఘన. దానికి పళ్ళొచ్చేటప్పుడు గుడ్డలో బెల్లం మూటకట్టి నోట్లో పెట్టి పడుకోబెట్టేవారు. అది రాత్రంతా చప్పరించేది, ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయేవారు. ఇప్పుడు నాలుగేళ్ళ పిల్లకు ముందుపళ్ళు నల్లటి మొద్దులు. నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పాలపళ్ళే కదా, ఊడిపోతాయి అన్నవాళ్ళు, ఆ పిల్ల రొట్టె కొరకలేక ఏడ్చినప్పుడు ఒక్కరూ రాలేదు. కొడుకు నోరు అట్లా కానివ్వనని నమ్రత పట్టుబట్టింది.

మర్నాడు సుమిత్ పాలు కక్కాడు. చొల్లు కారుస్తూ మగతగా వాలిపోయాడు. ఇంట్లో బీడీలు చుడుతున్న నమ్రత చాట నెట్టేసి, పిల్లాడిని చంకనేసుకుని అశోక్ చౌక్ దవాఖానాకు పరుగెత్తింది. కడుపులోకి తంబాకు పోయిందంది డాక్టరమ్మ. పసిబిడ్డకు అది విషం. సాయంత్రం దాకా కళ్ళముందే ఉంచుకుని, గండం తప్పిందని పంపింది. చిగుళ్ళు సలిపితే చల్లటి తడిగుడ్డ కొరకనివ్వు, శుభ్రమైన వేలితో నిమురు, ఇంకేమీ రాయకు అని చెప్పింది.

నమ్రత ఇంటికి రాగానే అత్త మీదికి లేచింది.

"మళ్ళా రాసినవ్ గదా."

"డబ్బీ మోరీల పోస్తివి. ఇంక యాడికెల్లి తేవాలె?"

"పక్కింటి ద్రౌపదక్కను అడిగినవేమో."

తునికాకు ముక్కలతో ఆడుకుంటున్న మేఘన తలెత్తి నాయనమ్మ వైపు చూపించింది. "ఆజీ రాయలే అమ్మా. తమ్ముడు ఏడుస్తుంటే నువ్వే వేలు వెట్టినవ్."

నమ్రత తన వేలు చూసుకుంది. దవాఖానాకు పరుగెత్తేదాకా ఆ చేత్తోనే బీడీల్లో తంబాకు కూరింది. పిల్లాడు ఏడ్చినప్పుడల్లా కొంగుకు తుడుచుకుని చిగుళ్ళు నిమిరింది. గోటి సందులో పొడి ఇంకా అట్లాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు.

"నా డబ్బీ పారేసినవ్," అంది నర్సమ్మ. "నీ వేలు యాడ పారేస్తవ్?"

"నిన్ను ఉత్తగ అన్న అత్తా. తప్పు నాదే. వేలు పారెయ్య, కడుగుత. నువ్వు గూడ కడుగాలె."

ఆ రోజే ఇంట్లో కొత్త కాయిదా వచ్చింది. చాట వీధి తలుపు దగ్గర, పిల్లాడు లోపలి గదిలో, మధ్యలో బకెట్, సబ్బు. చేతులు కడగకుండా పిల్లాడిని ఎవరూ ముట్టుకోవద్దు. కన్నతండ్రయినా సరే.

ద్రౌపది గుమ్మంలోంచి చూసి నవ్వింది. "ఏందే, ఇంట్ల ఆపరేషన్ థియేటర్ వెట్టినవా?"

"వెట్టిన. నీ మనవరాలికి గూడ పండ్లొస్తున్నయ్ గదా అక్కా, ఒక సబ్బు నువ్వు గూడ కొను."

లేచి కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చునేసరికి బీడీలు తగ్గాయి. తగ్గనీ అంది నమ్రత. సుమిత్ తడిగుడ్డ కొరికాడు, విసిరేశాడు, ఏడ్చాడు. ఏడిస్తే ఎత్తుకున్నారు.

ఒక మధ్యాహ్నం వాడు గుక్కపట్టాడు. నమ్రత చాట దించేలోపే, పక్కన బీడీల్లో తంబాకు కూరుతున్న నర్సమ్మ లేచింది. సణుగుతూ సబ్బు రుద్దుకుంది, గోళ్ళ సందులు తోముకుంది. మేఘన ముందు చేతులు చాపింది.

"సూడవే పోలీసమ్మా."

మేఘన వంగి వాసన చూసింది. "ఇంక వస్తున్నది ఆజీ. మళ్ళా కడుగు."

నర్సమ్మ కోడలి వైపు చూసింది. నమ్రత లేచి లోపలి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

నర్సమ్మ మళ్ళీ సబ్బు అందుకుంది.