బాతు నూగు బొంత

నోటికీ ముక్కుకూ తువ్వాలు కట్టుకుని, తలుపులు మూసిన గదిలో గోనెపట్టా మీద కూర్చుని మునిరామయ్య ముప్పై ఒకటో గడి నింపుతున్నాడు. రెండు గుడ్డలు కలిపి నిలువుగా ఆరు గొట్టాల్లా కుట్టుకున్నాడు. ఒక్కో గొట్టంలో రెండు పిడికిళ్ళ బాతు నూగు అడుగుకు తోసి, అడ్డంగా కుట్టేస్తే ఒక గడి. అలాంటివి మొత్తం నలభై ఎనిమిది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, వేళ్ళు విప్పి, ఊపిరి బిగబట్టి మెల్లగా వెనక్కి లాగుతున్నాడు. నూగుకు బరువు లేదు. అరచెయ్యి వెచ్చబడితేనే పిడికిట్లో ఏదో ఉందని తెలుస్తుంది.

అతనికి యాభై నాలుగేళ్ళు. సర్వే పార్టీలో ఇరవయ్యారేళ్ళుగా నేల కొలిచే గొలుసు లాగే పని. మోకాళ్ళ కింద అంతా ముళ్ళు గీరిన మచ్చలు. ఇనుప గొలుసు మోసి మోసి కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగింది. జిల్లాలో ఏ కొండ చరియ ఎన్ని గొలుసుల పొడవో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన ఇంటి వసారా ఎన్ని అడుగులని అడిగితే మాత్రం భార్య వరదమ్మ ముఖం చూస్తాడు.

పోయిన ఏడాది తలకోన అడవిలో క్యాంపు వేసినప్పుడు చలికి దగ్గు పట్టుకుంది. పదిహేనో రోజున సర్వేయరు దామోదరం అతన్ని బండెక్కించి వడమాలపేటలో ఇంటికి పంపేశాడు. ఈసారి కుర్రవాణ్ణి తీసుకుపోతానన్నాడు. వచ్చే ఆషాఢంతో మునిరామయ్య ఉద్యోగం అయిపోతుంది. సగంలో వదిలిన ఆ కొండను కొలిచి రావాలని అతని పట్టుదల. చలికి ఆగే బొంత కుడుతున్నానని పొద్దున పోయి బతిమాలితే, "సరే, రేపు తెల్లారి బండి కదులుతుంది. ఈ సాయంత్రం వచ్చి చూసి చెబుతా" అన్నాడు దామోదరం.

ఎప్పుడో ఒక దొర కప్పుకునే బొంత ముళ్ళకు చిరిగితే మునిరామయ్యే కుట్టిపెట్టాడు. అప్పుడు లోపల చూశాడు. దూది కాదు, బాతు రొమ్ము మీది మెత్తటి నూగు. అది గుర్తుపెట్టుకుని ఈ ఏడాదంతా నూగు పోగేశాడు. కుంకుడు రసంలో కడిగి, దోమతెర కింద ఆరబెట్టాడు. కొత్త గుడ్డ రేషన్ కార్డు మీద తప్ప దొరకని రోజులు. ఆఫీసులో పనికిరాదని తీసేసిన గుడారం లోపలి గుడ్డ అడిగి తెచ్చుకుని, నూగు బయటికి రాకుండా దానికి తేనెమైనం రుద్దాడు.

"ఏమయ్యో, సంగటి సల్లారిపోతాండాది!" అంటూ వరదమ్మ తలుపు బార్లా తెరిచింది.

వీధిలోంచి గాలి దూసుకొచ్చింది. సంచిలోని నూగంతా ఒక్కసారిగా పైకి లేచింది.

"మూయే! తలుపు మూయే!"

ఆమె మూసే లోపలే కొంత వాకిట్లోకి పోయింది. మిగిలింది ఆమె నెత్తిన వాలింది. తువ్వాలు కిందికి లాగి తిట్టబోయిన మునిరామయ్యకు ఆమెను చూసేసరికి నవ్వు ఆగలేదు.

"నవ్వు, నవ్వు. నా నెత్తిన ఇంగ బాతులొచ్చి గుడ్లు పెడతాయి" అని ఆమె కూడా నవ్వేసింది.

ఇద్దరూ చేతులు తడిచేసుకుని గోడలకూ దూలాలకూ అంటుకున్న నూగు పట్టుకున్నారు. ఎంత పట్టినా చివరకు మూడు గడులకు తక్కువ పడింది.

ఊరి బయట కోసిన మళ్ళలో బాతులు మేపుకునే కుప్పుస్వామి దగ్గరికి పరుగులాంటి నడకతో పోయాడు. ఇన్నాళ్ళూ అతనికి నూగు ఇచ్చింది ఈ అరవాయనే.

"నా బాతులకు సలి పుట్టించేదానికే పుట్టినావన్నా నువ్వు" అన్నాడు కుప్పుస్వామి. అంటూనే తడికెల్లోకి వంగి దూరి, బాతులు పడుకున్న గుంటల్లో రాలిన నూగంతా ఏరి, అతని పైపంచెలో మూటగట్టాడు.

కడిగే వ్యవధి లేదు. ఎండలో దులిపి తెచ్చాడు.

వరదమ్మ ముక్కు మూసుకుంది. "ఈ మూడు గడులూ కంపు కొడతాయి."

"కాళ్ళ తట్టు కప్పుకుంటాలే."

అతను నింపుతుంటే ఆమె కుట్టింది. ఆమె కుట్లు అతని కుట్ల కంటే సన్నగా, తిన్నగా పడ్డాయి. మునిరామయ్య వాటిని రెండుసార్లు వేలితో తడిమి చూశాడు.

పొద్దు వాలుతుండగా దామోదరం సైకిలు దిగాడు. కళ్ళద్దాలు, ముప్పై ఏళ్ళ వయసు, ఎప్పుడూ తొందర.

"ఇదేనా అప్పా నీ బొంత? దీంట్లో ఏముండాదని? ఉత్త గాలి."

"కాళ్ళు పెట్టి సూడండి సార్."

దామోదరం అరుగు మీద కూర్చుని కాళ్ళు కప్పుకున్నాడు. కాసేపటికి నడుం వాల్చాడు. వరదమ్మ కాఫీ తెచ్చేలోగా బొంత గడ్డం దాకా వచ్చింది. కాఫీ చల్లారింది. తన గురకకు తనే ఉలిక్కిపడి లేచి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నిద్రపోయినానా?"

"గురక గూడా పెట్టినారు సార్" అంది వరదమ్మ తలుపు చాటు నుంచి.

దామోదరం నవ్వుతూ సైకిలెక్కాడు. "తెల్లారి ఆరుకంతా రెడీగా ఉండు. దగ్గితే మాత్రం బొంత నాకిచ్చి కొండ దిగాల."

"దగ్గితే గదా సార్!"

తెల్లవారి మంచులో బండి వచ్చింది. చుడితే బొంత చిన్న గుమ్మడికాయంత అయింది. దాన్ని చంకన పెట్టుకుని, వరదమ్మ ఇచ్చిన శనక్కాయ ఉండల మూట రెండో చేత్తో అందుకుని మునిరామయ్య బండెక్కాడు.

"ఇదే కడాకరు క్యాంపు" అన్నాడు.

"తెలుసు. పోయి రా" అంది ఆమె.

బండి పెద్ద రోడ్డు ఎక్కి మంచులో కలిసిపోయింది. ఎద్దుల గంటలు ఇంకాసేపు వినబడ్డాయి. అవి కూడా ఆగిపోయాక ఆమె లోపలికి వచ్చింది.

చిలక్కొయ్యకు అతని నల్ల కంబళి వేలాడుతోంది. ఇరవయ్యారేళ్ళుగా అది క్యాంపుకు పోకుండా ఇంట్లో ఉండిపోవడం ఇదే మొదలు. వరదమ్మ దాన్ని పెరట్లోకి తీసుకుపోయి దండెం మీద వేసింది. ఏ కొండ మీద ఏ నెగడు నిప్పురవ్వలు పడ్డాయో, కంబళి నిండా పెసరగింజంత చిల్లులు. ఎండ వచ్చాక ఆ చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు వెనక గోడ మీద పడి, గాలికి కంబళితోపాటు మెల్లగా కదులుతున్నాయి.