మెట్ల పక్క మూడు మూలల అద్దం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అద్దాలు కోసే ఆయన మీద విరుచుకుపడ్డాను. మెట్ల పక్కనున్న మూడు మూలల కిటికీకి ఆయన తెచ్చిన అద్దం చాల్లేదు, పైన మూరెడు ఖాళీ ఉండిపోయింది.

"ఫోన్లో మీరు చెప్పిన కొలతలేగా అక్కా! కింది భుజం పొడవు, కుడి వాలు పొడవు, ఎడమ మూల కోణం. మీరే చూసుకోండి."

చూశాను. మూడూ అచ్చంగా సరిపోయాయి. అయినా తగ్గితే నేను నేనెందుకవుతాను? "కొలతలు సరే, అద్దమే తప్పు!" అన్నాను.

మెట్ల మీద నా మేనకోడలు మూతి ముడుచుకుని కూర్చుంది. సర్వసమాన త్రిభుజాల పాఠంలో రెండుసార్లు తప్పింది. భుజం-కోణం-భుజం అనే భు-కో-భు ఏదో, కో-భు-కో ఏదో దానికి అంతా కలగాపులగం. మర్నాడు మళ్లీ పరీక్ష. "నేను వెళ్లను, నాది మట్టిబుర్ర" అని పొద్దున్నే తేల్చి చెప్పేసింది. అద్దం సంగతి అటుంచి, నాకు అసలు బెంగ అదే.

మా అరుపులు విని లేచి వచ్చింది. నేల మీద సుద్దతో కింది భుజం గీసింది, ఎడమ మూల నుంచి ఏటవాలుగా ఇంకో గీత లాగింది. కుడి చివర ఒక పుల్ల ఆనించి తిప్పసాగింది.

"అత్తా, ఈ పుల్ల కుడి వాలు అనుకో. చూడు, ఆ గీతకి ఇక్కడ తగిలింది. ఇంకాస్త తిప్పితే అక్కడ కూడా తగిలింది! అవే కొలతలకి రెండు త్రిభుజాలు. మన కిటికీ పెద్దది, ఈయన కోసింది చిన్నది."

నేను నోరెళ్లబెట్టాను. "మరి నేనేం చెప్పి ఉండాల్సిందే?"

"ఆ రెండు భుజాల మధ్య కోణం. అప్పుడు పుల్ల అటూ ఇటూ కదలదు. అమ్మో, భు-కో-భు అంటే ఇదా!" దాని కళ్లు ఇంతింతయ్యాయి. "రెండు కోణాలూ వాటి మధ్య భుజమూ చెప్పినా కదలదు. అది కో-భు-కో!"

"ఉత్త మూడు కోణాలే చెప్తే?" అని అడిగాడాయన.

"అగ్గిపెట్టెలో పట్టే అద్దం తెచ్చినా మీ తప్పు లేదు."

ఆయన పగలబడి నవ్వాడు. "అయితే ఇప్పుడు తప్పెవరిదక్కా?"

"నాదే" అన్నాను. ఆ మాట నా నోట విని మేనకోడలు పడీ పడీ నవ్వింది. ఓడిపోయి ఇంత సంతోషపడటం నాకిదే మొదలు.

"సరే, రేపు పొద్దున వస్తాను. పాపే దగ్గరుండి కొలవాలి" అన్నాడాయన.

"రేపు పొద్దున కుదరదండీ" అంది నా మేనకోడలు, టేపు అందుకుంటూ. "ఇప్పుడే కొలిచిచ్చేస్తా. రేపు నాకు పరీక్షుంది."