బకెట్లో మిడత

నాలుగో మిడత కూడా తెగిపోయింది.

లస్మయ్య బకెట్ మీదికి వంగి చూశాడు. గాలం అడుగున పడి ఉంది. దాన్ని మోయాల్సిన ఆకుపచ్చ ఫోమ్ రెండు ముక్కలై పైన తేలుతోంది. రబ్బరు కాళ్ళు ఎటో పోయాయి.

“ఎన్నిసార్లు ముంచావు?” సోఫాలోంచి అడిగాడు సుధాకరరావు.

“ఇరవై రెండు సార్.”

“యాభై కావాలి. ఆ తర్వాత రేపు పొద్దుటిదాకా నీళ్ళలోనే ఉండాలి.”

సుధాకరరావు క్వాలిటీ ఇంజనీరు. సైటులో కాంక్రీటును పరీక్షించినట్టే గల్ఫ్‌లో, అల్ తుమామాలోని తన ఇంట్లో మిడతల్నీ పరీక్షిస్తాడు. ఏటా సెలవుల్లో హిమాచల్ వెళ్ళి చల్లటి ఏటిలో ట్రౌట్ చేపలు పట్టడం ఆయన సరదా. వేసవి చివర గట్టు మీది గడ్డిలోంచి మిడతలు నీళ్ళలో పడతాయి. ట్రౌట్ పైకి లేచి మింగుతుంది. ఆ చేపను మోసం చెయ్యడానికే గాలం మీద ఈ ఫోమ్ మిడత.

మూడేళ్ళ కిందట సైటు తనిఖీలో, ఒక కార్మికుడి హెల్మెట్లో ప్యాకింగ్ ఫోమ్‌తో చేసిన మిడత ఆయన కంటపడింది. వెనక కాళ్ళ మడత కూడా సరిగ్గా కుదిరింది. ఎవరు చేశారని అడిగితే లస్మయ్య తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు. మెట్‌పల్లి పక్క మొక్కజొన్న చేలల్లో చూసిన మిడత సార్, అన్నాడు. అప్పట్నుంచీ సెలవురోజైన శుక్రవారాలు ఇక్కడే, మిడతలు కడుతూ.

ఇది ఆఖరి శుక్రవారం. లస్మయ్య వీసా క్యాన్సిలయింది. సాయంత్రం విమానం.

హిమాచల్‌లో ఆ ఏటి ఒడ్డున గాలాల దుకాణం నడిపే ముజఫ్ఫర్ అలీకి లస్మయ్య మిడతల అందం నచ్చింది. కానీ రెండు చేపలు పడగానే తెగుతున్నాయని తిప్పి పంపాడు. ఈసారి నిలిస్తే ఏడాది పొడవునా ఇంటి దగ్గరే కట్టి పంపమన్నాడు. రేపు ఉదయం సుధాకరరావు ఆయనకి అవునో కాదో చెప్పాలి.

యాభై ఏడేళ్ళ లస్మయ్యకి ఊళ్ళో ఇంకో పని లేదు. ఇరవై రెండేళ్ళుగా ఏసీ డక్టులకు ఫోమ్ చుట్టాడు. ఆ పని ఫాల్స్ సీలింగ్ పైకి పోతుంది. ఎవరూ చూడరు. ఎవరైనా తలెత్తి చూశారంటే నీళ్ళు కారుతున్నట్టే, తిట్లు తప్పనట్టే. అందుకే ఆ చేతులకు ఒక్కటే అలవాటు. ఊపిరి బిగబట్టి బిగించడం.

ఫోన్ మోగింది. భార్య గంగామణి.

“బయలెల్లినవా?”

“లేదే. సార్ ఇంట్ల ఉన్న. మిడుతలు తెగుతున్నయ్.”

“దుబాయ్‌ల ఆఖరి రోజు గూడ మిడుతలేనా? నీకు బుద్ధెప్పుడొస్తదయ్యా!” ఆమెకి గల్ఫ్ అంతా దుబాయే.

“దారం గుంజుతె ఫోమ్ కోసుకపోతుంది. వదులు పెడితె జారుతుంది. ఏం జేస్త?”

అవతల కత్తెర చప్పుడు ఆగింది. గంగామణి బీడీలు చుడుతూ మాట్లాడుతోందన్నమాట.

“పెండ్లయిన కొత్తల బీడీ కట్టుడు నేర్పలే నీకు? ఒక్కసారే గుంజుతె తునికాకు పలుగదా? రెండు సుట్లు ఊకె వదులుగ ఎయ్యాలె. మూడోది గుంజాలె. ముందటి సుట్లు ఆకును కాస్తయ్.”

“నేను గట్టిన బీడీలు కార్ఖానల తీసిపడేసిండ్రు గద.”

“పడేస్తరని నువ్వే అన్నవ్. నేను అవ్విటిని నా కట్టల నడుమ వెట్టి పంపిన. ఒక్కటి వాపస్ రాలే.”

ముప్పై ఏళ్ళ నాటి మాట.

“ఇన్నేండ్లు చెప్పకపోతివి?”

“నువ్వు అడిగినవా? పెట్టెయ్, బీడీలున్నయ్.”

అతను మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. అంచుకు బిగించిన, వైసు అనే చిన్న ఇనప పట్టుకారులో కొత్త గాలం పెట్టాడు. గాలం కాడకు దారం చుట్టి, ఫోమ్ పట్టీని దానిమీద పరిచాడు. ఒక చుట్టు. పట్టీ మీద దారం వాలిందంతే. రెండో చుట్టు దాని పక్కనే. మూడోదానికి ఊపిరి వదులుతూ లాగాడు. ఫోమ్ లోపలికి నొక్కుకుంది, తెగలేదు. ముడివేసిన రబ్బరు కాళ్ళు రెండు పక్కలా కట్టాడు. ముందు కొసను బీడీ మూతి మడిచినట్టు వెనక్కి మడిచి, పైన ముడివేశాడు. తల వచ్చింది.

సుధాకరరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. “తల ఇలా ఏ పుస్తకంలోనూ లేదే!”

“మా ఇంట్ల ఉన్నది సార్.”

ముంచడం మొదలైంది. ఇరవై. ముప్పై. సుధాకరరావు భార్య సీతాలక్ష్మి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“మిడతకి ఆకలి లేకపోవచ్చు, మీకుంటుంది కదా! అన్నం చల్లారిపోతోంది, రండి.”

“ఒక్క నిమిషం అమ్మా. నలభై ఒకటి...”

యాభై అయింది. మిడత తెగలేదు. ఒళ్ళు దులుపుకున్నట్టు పైకి వచ్చి, నీటిమీద కడుపు ఆనించి నిలిచింది.

భోజనం కాగానే బయట హారన్ మోగింది. అంజి వచ్చాడు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో పన్నెండేళ్ళుగా లస్మయ్యకి పక్క మంచం వాడు. లస్మయ్య బ్యాగులు తానే బండిలో వేసుకొచ్చాడు.

“కాకా, యల్లా, నడువ్! ఇమానం నీ మిడుత కోసం ఆగదే!”

లస్మయ్య కిటికీలోంచి ఎండ పడుతోందని బకెట్‌ని గోడ వైపు జరిపాడు. అలవాటు కొద్దీ తలెత్తి ఏసీ గ్రిల్లు చూశాడు. తడి లేదు.

“తెగితె గూడ చెప్పుండ్రి సార్. నా మనసు కోసం అబద్ధం చెప్పొద్దు.”

“క్వాలిటీవాణ్ణి లస్మయ్యా. అబద్ధం చెప్పడం నాకు రాదు.”

సీతాలక్ష్మి పులిహోర పొట్లం చేతికిచ్చింది. బండి మలుపు తిరిగింది.

తెల్లవారుతుండగా సుధాకరరావు లేచాడు. మొహం కూడా కడుక్కోకుండా, ఫోన్లో ముజఫ్ఫర్ అలీ నంబరు తీసి పట్టుకుని బకెట్ దగ్గరికి నడిచాడు. కిటికీ తెర తొలగించాడు.

ఆకుపచ్చ మిడత వెనక కాళ్ళు మడుచుకుని, ఎగరబోయే ముందు ఆగినట్టు, కదలని నీటిమీద కూర్చుని ఉంది.